దారం లేని చీల

కుశలుడికి మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. ఆరామంలో కొత్త ధ్యానశాల ఎక్కడ కట్టాలో తేల్చమని గురువు ధర్మరక్షితులు అతనికి అప్పగించారు. అతను తేల్చాడు కూడా. గురువు మాత్రం ఔననలేదు, కాదనలేదు. తాపీపనివాళ్ళేమో గడ్డపారలతో వచ్చి కూర్చున్నారు.

పద్ధతి అతనికే తట్టింది. కొండ మీది పధ్నాలుగు కట్టడాలకు గుర్తుగా చెక్కపలక మీద పధ్నాలుగు చీలలు కొట్టాడు. ఒక్కో గుమ్మంలో నిలబడి చూసి, ఏ కట్టడం కనిపిస్తే దాని చీలకూ, తాను నిలబడ్డ కట్టడం చీలకూ మధ్య దారం కట్టాడు. స్తూపం చీలకు పదకొండు దారాలు. వంటశాలకు నాలుగు. గట్టు చాటునున్న రోగులశాలకు ఒక్కటీ లేదు. దాని ముందున్న ఖాళీ జాగా మీదుగా ఏ దారమూ పోలేదు గనక, అక్కడ కడితే ఎవరి చూపుకూ అడ్డం రాదు. ఇంత ముచ్చటైన పనిలో తప్పెక్కడుంటుంది? ఒకవేళ ఉంటే? ఆ భయమే అతన్ని తినేస్తోంది.

నాలుగోరోజు పొద్దున్నే ఆ జాగాలో పునాదికి ముగ్గు పోసేశారు. ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"భదంతా, కాసేపట్లో తవ్వేస్తారు. నా పలకలో తప్పుందా? ఒక్క మాట చెప్పండి."

గురువు పలక వైపైనా చూడలేదు. "ఉత్తరుడికి జావ పట్టుకెళ్ళాలి, రా," అన్నారు.

ఉత్తరుడు ముసలి భిక్షువు. నడుము పడిపోయి రెండేళ్ళుగా రోగులశాలలో మంచం మీదే ఉన్నాడు. కుశలుడు ఆ గుమ్మంలో నిలబడి మళ్ళీ చూసుకున్నాడు. కళ్ళకెదురుగా తాటాకు చూరు. దాని కింద మట్టిగట్టు, తెల్లటి ముగ్గుగీత. అంతే. అప్పుడూ ఇంతే కనిపించింది. హమ్మయ్య అనుకున్నాడు.

ధర్మరక్షితులు ఉత్తరుణ్ణి రెండు చేతులతో ఎత్తి చాప మీదికి దించి, వెనక కూర్చుని తన గుండెకు ఆనించుకున్నారు. ఖాళీ మంచం వైపు చూపించి, "పడుకో," అన్నారు శిష్యుడితో.

"నేనా?"

"నువ్వే."

పడుకున్నాడు. ఇందాక కళ్ళకు అడ్డొచ్చిన చూరు ఇప్పుడు పైకి పోయింది. దాని కిందుగా, గట్టుకు పైన, స్తూపం మీది రాతిగొడుగు పొద్దుటెండలో మెరుస్తోంది.

"కనిపించిందా?" అన్నాడు ఉత్తరుడు, తన సొంత ఆస్తి చూపిస్తున్నట్టు. "ఎండ ముందు దాని మీదే పడుతుంది. అది చూశాకే నాకు తెల్లారినట్టు. బయటేదో సందడిగా ఉంది, నాయనా. అడ్డంగా ఏమీ కట్టరు కదా?"

కుశలుడు మంచం మీంచి లేచాడు. గురువు వైపు చూశాడు. ఆయన జావ ఊదుతున్నారు, తలెత్తలేదు.

బయట మేస్త్రి గడ్డపార పైకెత్తాడు. కుశలుడు ఒక్క పరుగున వెళ్ళి ముగ్గుగీతను కాలితో చెరిపేశాడు.

"ఇదేంటి స్వామీ! చూడాల్సినవన్నీ చూసేశానన్నారుగా?"

"నిలబడి చూసినవే అయ్యాయి," అన్నాడు కుశలుడు. "పడుకుని చూడాల్సినవి అలాగే ఉన్నాయి."