పక్క సీటు మాట

అనకాపల్లిలో అప్పలనరసయ్య అనే కారు డ్రైవరు ఉండేవాడు. పనిలో నేర్పరే గాని, తనకు కనబడినదాన్ని పైకి చెప్పడమూ, పక్కవారు చెబితే వినడమూ చేతగానివాళ్ళ లక్షణాలని అతని నమ్మకం.

యాత్రికులను ఎక్కించుకుని అరకు ఘాటు రోడ్డు ఎక్కి దిగడం అతని వృత్తి. మలుపు మలుపుకూ హారన్ మోగించేవాడు. అంతకు మించి మాట్లాడేవాడు కాడు. ఇన్నేళ్ళలో అతని కారుకు చిన్న గీత కూడా పడలేదు.

అప్పుడప్పుడు భార్య పైడమ్మ అతని పక్క సీట్లో కూర్చునేది. ఆమె కళ్ళు ఎప్పుడూ రోడ్డు మీదే ఉండేవి.

"ఏవండీ, మేకలు!" అనేది. "ఏవండీ, ఆ సైకిలాయన ఇటు తిరుగుతాడేమో!" అనేది.

"నాకు కనబడుతోందిలే. నేనేమైనా గుడ్డివాణ్ణా?" అని అతడు కసురుకునేవాడు.

ఒకసారి బంధువులతో సింహాచలం వెళ్తూ ఉండగా ఆమె మళ్ళీ అలాగే హెచ్చరించింది. "బావా, స్టీరింగు నీదా, అక్కదా?" అని బావమరిది నవ్వాడు. అప్పలనరసయ్యకు తల కొట్టేసినట్టయింది. కారు పక్కకు ఆపి, భార్యను వెనక సీట్లోకి మారమన్నాడు. ఆమె దిగి వెనక కూర్చుంది. ఆ తరువాత ఎన్నడూ ముందు కూర్చోలేదు. రోడ్డు మీద ఏది కనబడినా నోరు విప్పలేదు.

కొన్నేళ్ళకు పైడమ్మ గుండెజబ్బుతో కన్నుమూసింది. కూతురు గౌరి, సముద్రాల అవతల ఒక ద్వీపదేశంలో నర్సుగా పనిచేసేది. తండ్రి ఒంటరిగా ఉండటం ఇష్టం లేక అక్కడికి తీసుకువెళ్ళింది. అల్లుడు సరుకుల ఓడలో ఇంజనీరు. నెలల తరబడి సముద్రం మీదే అతని ఉద్యోగం.

వారిది కొండల నడుమ గొర్రెలను మేపుకునే చిన్న ఊరు. అక్కడి నుంచి ఆసుపత్రికి గంటకు పైగా ప్రయాణం. బస్సు లేదు. మన దేశపు లైసెన్సుతో అక్కడ కొంతకాలమే కారు నడపవచ్చు. ఆ తరువాత అక్కడి పరీక్ష నెగ్గి దానిని మార్చుకోవాలి. "ఘాటు రోడ్డు మీద నడిపినవాడికి పరీక్షేమిటి?" అంటూ అప్పలనరసయ్య గడువు దాటనిచ్చాడు. అంతలో గౌరికి నెలలు నిండసాగాయి.

"నాన్నా, కాన్పు సమయానికి ఆయన రాలేరు. నువ్వే తీసుకెళ్ళాలి. లైసెన్సు లేకుండా నడిపితే ఊరుకోరు ఇక్కడ," అంది గౌరి.

"దానికేం భాగ్యం? ఒక్క పూటలో తెచ్చేస్తాను," అన్నాడు అతడు.

పరీక్షాధికారి హెలెన్ అనే పెద్దావిడ. పర్యాటకుల వల్ల అబ్బిన ఇంగ్లీషుతో అతడు ఆమెకు నమస్కారం చెప్పాడు. ఆమె పక్క సీట్లో కూర్చుని నియమం వివరించింది.

"దారిలో ఎక్కడ ప్రమాదం రావచ్చని మీకు అనిపిస్తే, అది నాకు పైకి చెబుతూ నడపండి."

అతడు తల ఊపాడు. కారు మెత్తగా కదిలింది. మొదటి మలుపు రాగానే అలవాటు కొద్దీ హారన్ మోగించాడు. దారిన పోయే ఇద్దరు ఉలిక్కిపడి చూశారు. ఆ దేశంలో హారన్ మోగించడం తిట్టడంతో సమానం. రెండో మలుపులోనూ మోగింది. నోరు మాత్రం పెగలలేదు.

తిరిగి వచ్చాక హెలెన్ నెమ్మదిగా అంది: "మీ చేతిలో పనితనం ఉంది. కాని మిమ్మల్ని నెగ్గించలేను. మీరు ఏం చూశారో నాకు తెలియలేదు."

"అన్నీ చూశాను. చూశాను గనకే ఏమీ జరగలేదు," అన్నాడు అతడు రోషంగా.

"ఆ సంగతి మీకు తెలుసు. పక్కన కూర్చున్న నాకు ఎలా తెలుస్తుంది?"

అప్పలనరసయ్య ఇంటికి వచ్చి చెప్పులు విసురుగా విడిచాడు. "పిల్లి కనబడితే పిల్లి అనాలట! కుక్క కనబడితే కుక్క అనాలట! బాలశిక్షా, డ్రైవింగు పరీక్షా?"

గౌరి పకపకా నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది.

"అమ్మ చేసింది అదే కదా నాన్నా," అంది.

అతడు కిటికీ దగ్గర కూర్చుని బయటి కొండను చాలాసేపు చూశాడు. వెనక సీట్లోకి మారిన తరువాత పైడమ్మ రోడ్డు సంగతులే కాదు, ఒంట్లో నలత కూడా చెప్పడం మానేసింది. మెట్లెక్కి ఆమె ఆయాసపడటం అతడు చూశాడు. కంచంలో అన్నం తగ్గడం చూశాడు. రాత్రుళ్ళు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చోవడం కూడా చూశాడు. అన్నీ చూశాడు. ఒక్కసారైనా "నీకేమయింది?" అని అడగలేదు. చివరికి ఆసుపత్రిలో డాక్టరు అడిగినప్పుడు మాత్రం ఒక్కటీ మరవకుండా చెప్పాడు. డాక్టరు, "ఇదంతా ముందే చెప్పవలసింది," అన్నాడు.

మర్నాడు అతడు కూతురిని అడిగాడు: "అమ్మా గౌరీ, కారు నువ్వు నడుపు. నేను పక్కన కూర్చుని చెబుతాను."

మొదట్లో మాట గొంతులోనే ఆగిపోయేది. "ఎడమ పక్క గేటు తెరిచి ఉంది," అనడానికి చెమట పట్టేది. రోజూ సాధన చేశాడు. క్రమంగా మాట దారికి వచ్చింది. కొన్నాళ్ళకు ఆ మాటల్లో పైడమ్మ తీరు వినబడసాగింది. గౌరి అది గమనించింది. కాన్పుకు ఇంకా పది రోజులున్నాయనగా అతడు రెండోసారి పరీక్షకు వెళ్ళాడు.

"ఆ అమ్మాయి ఫోను చూస్తోంది. చూడకుండా రోడ్డు మీదికి దిగవచ్చు," అన్నాడు అతడు ఇంగ్లీషులో. "తెల్ల కారు వెనక దీపాలు వెలిగాయి. వెనక్కి రావచ్చు."

హెలెన్ గుర్తులు వేసుకుంటూ తల వంచింది. సరిగ్గా అప్పుడే, ఆగి ఉన్న వ్యాను అవతల, కింది సందులో ఒక చేతికర్ర, దాని పక్కన రెండు బూట్లు కదిలాయి.

"ఏవండీ, పెద్దాయన!"

ఆ కేక తన నోటి నుంచే వచ్చిందని అప్పలనరసయ్యకు కారు ఆగాక గాని తెలియలేదు. వ్యాను చాటు నుంచి ఒక ముసలాయన తడబడుతూ రోడ్డు మీదికి వచ్చాడు. ఆగిన కారుకు చెయ్యి ఊపి, మెల్లగా దాటిపోయాడు.

"మీరన్న మాట నాకు తెలియదు," అంది హెలెన్. "కాని అది విని తల ఎత్తాను, చూడవలసినది చూశాను. ఏ భాష అది?"

"తెలుగు," అన్నాడు అతడు. "మా ఆవిడ మాట."

కార్యాలయంలో అతని పాత లైసెన్సు తీసుకుని కొత్తది ఇచ్చారు. పాతదాని ఫోటోలో అతని మీసం నల్లగా ఉంది. ఆ ఫోటోకు చొక్కా ఎంచింది పైడమ్మ. అతడు దానిని ఒకసారి బొటనవేలితో తుడిచి, వారికి అప్పగించాడు.

వారం తిరగకముందే, మంచు కమ్మిన ఒక ఉదయం గౌరికి నొప్పులు మొదలయ్యాయి. ఆమె కారు వెనక తలుపు తెరవబోయింది.

"వెనక వద్దమ్మా," అన్నాడు అప్పలనరసయ్య. "ముందుకు వచ్చి నా పక్కన కూర్చో."

కారు కొండ దిగుతోంది. పొగమంచులో ఏవో తెల్లగా కదిలాయి.

"నాన్నా, గొర్రెలు!" అని గౌరి అరిచింది. అరిచి, తల్లికి పడిన కసుర్లు గుర్తుకు వచ్చి చటుక్కున ఆగిపోయింది.

అతడు అప్పటికే వేగం తగ్గించాడు. "చూశాను తల్లీ. అయినా నువ్వు చెబుతూనే ఉండు. రోడ్డు సంగతీ చెప్పు, నీ ఒంట్లో ఎలా ఉందో అదీ చెప్పు. నేను వింటాను."

దారి పొడుగునా ఆమె చెప్పింది. అతడు విన్నాడు. మధ్యాహ్నానికి గౌరి ఆడపిల్లను ప్రసవించింది.

చూసినదాన్ని మనసులో దాచుకోవడం నేర్పు కాదు. వేళ మించకముందే పక్కవారికి చెప్పడమూ, వారు చెప్పినది విసుక్కోకుండా వినడమూ నిజమైన జాగ్రత్త.