రెండు మాటల రేవు

లోపల ఏం చూశారో చెప్పండి. ఆలోచించి కాదు, చూసింది చూసినట్టు చెప్పండి. "నల్లరాయి" అంటారు భర్తగారు. "అంత తెల్లగా ఉంటే నలుపేమిటండీ, కళ్లజోడు తుడుచుకోండి" అంటుంది భార్య. ఈ గుడి మెట్ల మీద రోజూ ఇదే తగువు.

ఫిలిప్పీన్స్‌లో యాత్రికులు అంతగా పోని ఒక దీవి ఒడ్డున ఉంది ఈ గుడి. ఇందులో మూలవిరాట్టు ఒక ఉప్పుగడ్డ. ఒకవైపు నలుపు, మరోవైపు తెలుపు. ఇక్కడికి జంటలుగానే వస్తారు.

పూర్వం ఇక్కడ బలాని, మాయుమి అనే దంపతులు ఉప్పు వండేవారు. కొబ్బరి పీచును నెలల తరబడి సముద్రంలో నానబెట్టి, ఎండబెట్టి కాల్చేవారు. ఆ బూడిద మీద సముద్రపు నీరు పోసి, దిగిన ఉప్పునీటిని వడగట్టి, మట్టికుండల్లో గడ్డకట్టేదాకా కాచేవారు. నడుమ మంట ఆరిందంటే ఏడాది కష్టం పోయినట్టే.

ఒకనాడు కుండలు పొయ్యి మీద ఉండగా మాయుమికి కునుకు పట్టింది. కలలో సముద్రపు తల్లి కనిపించి, "మంట ఆరనీయకు" అంది. ఉలిక్కిపడి లేచేసరికి బలాని నీళ్ల కడవతో పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"ఆర్పేస్తున్నా. అమ్మ కలలో చెప్పింది."

"ఎవరూ, మీ అమ్మా?"

"సముద్రపు తల్లే. నాకూ ఇప్పుడే కన్నంటుకుంది."

మాయుమికి ఏమీ పాలుపోలేదు. అమ్మ అబద్ధమాడదు. పట్టిన చేపను జానెడు పెంచి చెప్పడం కూడా రాని మనిషి తన మొగుడు. మరి తను విన్నదేమిటి?

"ఆర్పావంటే పడవెక్కి పుట్టింటికి పోతా" అంది.

"ఆర్పనివ్వకపోతే నేనే పోతా."

"ఉన్నది ఒక్కటే పడవ" అంది మాయుమి. అయినా అతను కడవ దించలేదు. చివరికి ఆమే, "నీ సగం నువ్వు ఆర్పుకో. నా సగం నేను మండిస్తా" అంది.

అతను నీళ్లు పోశాడు, ఆమె పీచు వేసింది. అతని వైపు కుండలు పగిలి, చిక్కటి ఉప్పునీరు బూడిదలో కలిసి, నల్లగా మారి, కాలుతున్న రాళ్ల మీదుగా ఆమె వైపు పారి, అక్కడి తెల్లటి ఉప్పును అంటుకుని గడ్డకట్టింది. ఆ గడ్డను విడదీయబోతే రాలేదు; గుడిలో ఉన్నది అదే. ఇద్దరిలో ఎవరూ పడవెక్కలేదు. తల్లి మళ్లీ కలలోకి రాలేదు. తమలో ఎవరు సరిగ్గా విన్నారో మాయుమికి చివరిదాకా అంతుపట్టలేదు. ఈ చోటుకు రెండు మాటల రేవు అన్న పేరు అలా వచ్చింది.

నేటికీ జంటలు ఇక్కడ ఒకే పొయ్యిలో ఒకరు పీచు వేస్తారు, ఒకరు నీళ్లు చిలకరిస్తారు. పొద్దున వచ్చి సాయంత్రం తిరిగిపోయేలా ప్రయాణం పెట్టుకోకండి. ఒక రాత్రి ఉండండి. తెల్లవారాక మీ కలలు ఒకరికొకరు చెప్పుకోండి, దిద్దుకోకండి. ఎవరిది ఒప్పు అని పూజారిణిని వేధించకండి, ఆమెకూ తెలియదు. ఇక్కడ మొక్కినవారి ఇంట్లో పొయ్యి రెండు కాదని నమ్మకం. అయితే ఒక్కటి చెప్పండి. మీ పక్కనున్న మనిషి మాట మీకు బొత్తిగా అర్థం కాకపోయినా, అది అబద్ధం కాదని నమ్మగలరా?