సేదకొండలో తాడు మీద కూర్చున్న తల్లి

సేదకొండ పట్టణానికి నేడు జనం రెండు పనుల మీద వస్తారు. కొందరికి తాళ్లు కట్టుకుని కొండచరియ దిగాలని ఉబలాటం. మరికొందరికి సరస్సులో పడవ మీద తిరిగి హాయిగా రెండు రోజులు గడిపితే చాలు. ఎవరైనా సరే, ముందుగా చరియ అంచున ఉన్న సేదమ్మ ఎదుట కూర్చోవాలి. అమ్మవారికి గోపురం లేదు, ముఖం కూడా లేదు. మోకాలెత్తు నల్లరాయి, దాని అడుగున తాడు ఒరిసిన గాడి, అంతే.

పూర్వం ఇక్కడ తేనె తీసేవారి గుడిసెలు పదో పన్నెండో ఉండేవి. తాడు మీద తేనెపట్టుకు దిగేవాడికి పైన తాడు పట్టేవాడు భార్య తోడబుట్టినవాడే కావాలని వారి కట్టుబాటు. చెల్లెలి పసుపుకుంకుమలు గుప్పిట్లో ఉన్నవాడు తాడు వదలడని నమ్మకం. బొజ్జన్నకు అలా బావమరిది సింగులు తాడు పట్టేవాడు. బొజ్జన్న గుండె ధైర్యం గలవాడే గాని, అలుపని కూర్చోవడమంటే మహా నామోషీ.

ఒకనాడు ఎండలో కొండ ఎక్కేసరికి సింగులుకు రొప్పు వచ్చింది.

"బావా, సేతులొణుకుతన్నాయి. కూసింతసేపు కూకుందాం" అన్నాడు.

"కూకుంటే తేనె దానంతటదే వస్తాదేటి? తాడట్టుకో" అని బొజ్జన్న దిగిపోయాడు.

సగం దిగాడో లేదో, సింగులు పట్టు జారింది. నడుముకు చుట్టుకున్న తాడు అతణ్ణి అంచుకు ఈడ్చుకుపోసాగింది. "నా సెల్లికి ఏటని సెప్పాలి తల్లీ!" అని ఏడ్చాడు. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక ముసలమ్మ, తాపీగా ఆ తాడు మీద కూర్చుంది. "ముందు ఊపిరి తీసుకో నాయినా. నానెక్కడికీ ఎల్లన్లే" అంది. తాడు కదలకుండా నిలిచింది. బొజ్జన్న దాన్ని పట్టుకుని పైకి పాకి వచ్చాడు. చూస్తే ముసలమ్మ లేదు, తాడు మీద రాయి ఉంది. బావమరిది అరచేతుల తోలు ఊడిపోయి ఉండడం చూసి, బొజ్జన్న అక్కడే చతికిలబడి భోరుమన్నాడు.

ఆ మధ్యాహ్నం బొజ్జన్నకు అక్కడే కునుకు పట్టగా అమ్మ కలలో కనబడి, "నాకు కోడొద్దు, కొబ్బరికాయొద్దు. నీ తాడు పట్టినోళ్ల అలుపు అడుగు, అదే నా మొక్కు" అని ఆనతిచ్చింది.

నేటికీ వచ్చినవారు ఇక్కడ కూర్చుని, తోడొచ్చినవారిని "అలుపు తీరిందా?" అని అడుగుతారు. తీరిందన్న మాట వినేదాకా తాళ్లు కట్టే పనివారు ఎవరి నడుముకూ పట్టీ బిగించరు. ఆలయ కార్యదర్శిగా పద్దెనిమిదేళ్లు అందరికీ ఈ ఆచారం చెప్పిన నేను, రోజూ ప్రసాదం వండి పంపే మా ఇల్లాలు వర్ధనమ్మను కిందటి మాఘంలోనే తొలిసారి ఇక్కడ కూర్చోబెట్టి అడిగాను. ఆమె సరస్సు వైపు కాళ్లు చాపుకుంది.

"ఇంకా లేదండీ. ఇంకాసేపు కూర్చుందాం" అంది.

పొద్దు వాలేదాకా కూర్చున్నాం. అంతకాలానికైనా నా చేత అడిగించిన తల్లికి రుణపడి ఉన్నాను. ఇక్కడికి వచ్చిన ప్రతివారికీ అడగడానికి ఒక తోడును, జవాబు వినేంత తీరికను సేదమ్మ దయచేయుగాక.