ఎదురొచ్చే ఓబులమ్మ

అనగా అనగా అనేంత వెనక, తారు రోడ్డు పడని రోజుల్లో, ఒక కనుమ ఉండేది. కనుమకు ఇవతల జొన్నలు, అవతల ఉప్పు. మధ్యలో కొండ. అందుకని ఏడాదికోసారి, కోతలయ్యాక, ఇవతలి ఊరి బండ్లు వరస కట్టి జొన్నలతో కొండ దాటేవి, ఉప్పుతో తిరిగొచ్చేవి. పోవడానికి పదిహేను రోజులు, రావడానికి పదిహేను రోజులు. పోయినవాళ్ళందరూ వచ్చేవాళ్ళని మాత్రం చెప్పలేం.

ఆ ఊళ్ళో కొలిమి వీరయ్యది. తిత్తి ఊదేది అతని పెళ్ళాం ఓబులమ్మ. ఊదీ ఊదీ ఆమెకు ఇనుము మాట తెలిసింది.

బండి చక్రాన్ని ఇరుసుకు ఊరికే తొడుగుతారు. అది జారిపోకుండా ఇరుసు కొసన అడ్డంగా ఒక ఇనప మేకు దిగ్గొడతారు. దాన్నే సీల అంటారు. జానెడు కూడా ఉండదు. దాని మీదే బండి, బండి మీద బస్తాలు, బస్తాల మీద మనిషి.

బండ్లు కదిలే ముందు ఓబులమ్మ చిన్న సుత్తి పట్టుకుని ప్రతి సీలనూ మూడు దెబ్బలు కొట్టేది. చెవి ఒగ్గి వినేది. ఖణ్‌మంటే బిగువు. బొద్దుమంటే వదులు.

"కట్టక ముందొకసారి, క్రోసు పోయినాక ఒకసారి, కనుమెక్కే ముందొకసారి," అని అందరికీ చెప్పేది.

"ఒకసారి చూస్తే చాలదా వదినా?" అని బండ్లవాళ్ళు నవ్వేవాళ్ళు.

"కొత్త కోడలు మొదటి రోజు అందరికీ మంచిదే. నాలుగు రోజులు పోతేగానీ గుణం తెలీదు. చక్రం కూడా అంతే. బరువు పడితే అటూ ఇటూ సర్దుకుంటుంది. అప్పుడు సీల వదులవుతుంది."

నవ్వుతూనే దిగి కొట్టేవాళ్ళు.

ఒక ఏడు వీరయ్య జ్వరమొచ్చి పోయాడు. మొన్నటిదాకా సీల కొట్టిన చెయ్యే. ముఖాన బొట్టు పోయేసరికి ఆ చెయ్యి చెడ్డదైంది. పయనం పొద్దున ఓబులమ్మ తలుపేసుకుని లోపలే ఉండాలని బండ్ల పెద్ద కంబగిరి కబురు పెట్టాడు. కంబగిరి చెడ్డవాడు కాదు. ఆచారం తెలిసినవాడు. అదే వచ్చిన చిక్కు.

ఆ బండ్లవాళ్ళ ఆచారాలు మూడు. టెంకాయ కొట్టాక బండి వెనక్కి తిరగకూడదు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే వినకూడదు, ఆగకూడదు, ఇంకా బిరబిరా తోలాలి. చెడ్డ శకునం ఎదురొస్తే మాత్రం ఆగాలి. ఎద్దుల్ని విప్పి, తూర్పు తిరిగి కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగి మళ్ళీ కట్టాలి.

ఓబులమ్మకు ఒక తమ్ముడు, మద్దిలేటి. తల్లి పోతే తనే పెంచింది. మొగుడు పోయాక ఆమెకు ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్కడే. ఆ ఏడు అతను కొత్త బండి చేయించుకున్నాడు. చక్రాలు కొత్తవి, ఇరుసు కొత్తది. ముందురోజు సాయంత్రం ఓబులమ్మ ఆ బండి సీలలు కొట్టి చూసింది. ఖణ్, ఖణ్, ఖణ్.

"క్రోసు పోయినాక దిగి కొట్టరా అబ్బీ," అంది.

"దిగితే కంబగిరి చిన్నాయన తిడతాడక్కా. టెంకాయ కొట్టినాక ఇప్పుడు నీ మాట మీద ఆగకూడదంట."

"తిట్లకు ఒళ్ళు పగలదు. దిగు."

"నా బండి కొత్త కోడలైతే నువ్వు అత్తవన్నమాట! దాన్ని అడుగు ముందుకు వేయనియ్యవు."

ఓబులమ్మ నవ్వలేదు. మద్దిలేటి ఒక్కడే నవ్వి వెళ్ళిపోయాడు.

తెల్లారింది. ఓబులమ్మ తలుపు సందులోంచి చూస్తోంది. ఇరుసులకు కందెన వేస్తున్నారు. కందెన వెయ్యాలంటే సీల తీయాలి. తీశారు. వేశారు. సీలను చేత్తో దూర్చి అరచేత్తో ఒక్క చరుపు చరిచారు. సుత్తి కొలిమిలో ఉంది. కొలిమికెళ్ళి విధవ చేతి సుత్తిని ఆ పొద్దున ఎవరు అడుగుతారు? ఆ మీద పసుపు పూశారు. శుభమని మందంగా పూశారు. సీల ఉందో లేదో కనపడనంత మందంగా.

ఓబులమ్మ నోరు తెరిచింది. పూజ దగ్గర విధవ గొంతు వినపడకూడదు. మూసుకుంది.

టెంకాయ కొట్టారు. బండ్లు కదిలాయి. ఆఖరి బండి మద్దిలేటిది. దుమ్ములో దాని కుడి చక్రం జాడ పాము పోయినట్టు వంకరగా పడుతోంది. ఓబులమ్మ మళ్ళీ నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. తలుపు మాత్రం తీసింది.

జాడ పట్టుకుని నడిచింది. తర్వాత పరిగెత్తింది. సరిగ్గా క్రోసు దూరాన, బాట మధ్యన, పసుపు పూసిన సీల పడి ఉంది. తీస్తే ఇంకా కందెన జిడ్డు ఉంది.

అప్పుడు అరిచింది. "మద్దిలేటీ! ఆగరా! సీల లేదురా!"

బండ్లు కనుమ కిందికి చేరుతున్నాయి. ఆమె మాట అందలేదు, గొంతు అందింది. ముందు బండి మీద కంబగిరి లేచి నిలబడ్డాడు. "వెనక పిలుపు! వినొద్దండి! తిరిగి చూడొద్దండి! తోలండి, తోలండి!"

ఆమె ఎంత అరిస్తే బండ్లు అంత వేగంగా పోయాయి.

రెండో మలుపు దగ్గర చక్రం ఊడింది. కొత్త బండి, రెండెద్దులు, మద్దిలేటి, అన్నీ లోయలోకి పోయాయి.

పైకి తెచ్చిన మనిషి ముఖం మీద కంబగిరి తుండుగుడ్డ కప్పాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఓబులమ్మను చూశాడు.

"నువ్వు వెనక పిలిచినందుకే పోయినాడు."

"సీల ఊడిందని పిలిచినా చిన్నాయనా. ఇదిగో సీల."

"ఎదురొచ్చింటే ఆగేవాళ్ళం గదమ్మా. వెనక పిలిస్తే ఎట్లా ఆగుతాం?"

అతను ఎగతాళికి అనలేదు. ఆచారం చెప్పాడు. ఓబులమ్మ ఆ మాటను ఇంటికి తెచ్చుకుంది. ఏడాది పాటు దాని పక్కనే తిని, దాని పక్కనే పడుకుంది.

మరుసటేడు బండ్లు కనుమ కిందికి వచ్చేసరికి బాట మధ్యన ఓబులమ్మ నిలబడి ఉంది. తెల్లచీర, బోడి నుదురు, ఉత్త చేతులు. దాచుకోలేదు. బాగా కనపడేలా నిలబడింది.

"ఛీ! ఎదురొచ్చిందిరా ముండమోపి!" అని ముందు బండి ఆగింది. దాని వెనక అన్నీ ఆగాయి. తిట్టారు. ఎద్దుల్ని విప్పారు. ఆమె ముఖం చూడకుండా తూర్పు తిరిగి కూర్చున్నారు. చెంబులు తీశారు.

వాళ్ళ వీపుల వెనక ఓబులమ్మ కొంగు చాటు నుంచి సుత్తి తీసింది. ఒక్కో చక్రం దగ్గర కూర్చుంది. పసుపు గీకింది. ఖణ్. ఖణ్. బొద్దు. వదులైనదాన్ని బిగించింది. అరిగినదాన్ని పీకి, ఒడిలోంచి తను కాచిన కొత్త సీల తీసి దిగ్గొట్టింది.

"ఏందే ఆ కొట్టుడు? మా బండ్లకు చావుడప్పు కొడ్తాండావా?" అని ఒకడు తిరక్కుండానే అరిచాడు.

"పలుకుతాయో లేదో అడుగుతాండా నాయనా."

"తమ్ముడు పోయినాక మతి పోయింది పాపం. పోనీ రా," అన్నాడు ఇంకొకడు.

నీళ్ళు తాగారు. బండ్లు కట్టారు. ఆ ఏడు అందరూ తిరిగొచ్చారు.

ఆ మరుసటేడూ ఎదురొచ్చింది. తిట్టారు, ఆగారు, నీళ్ళు తాగారు. అందరూ తిరిగొచ్చారు. మూడో ఏడు ఒకడు రాయి విసిరాడు. చెవి మీద తగిలింది. రక్తం తుడుచుకుని రెండో చెవి ఒగ్గి సీలలు విన్నది. అందరూ తిరిగొచ్చారు.

అలా ఇరవై ఏళ్ళు. ఊళ్ళో ఆమెతో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. పిల్లలు ఆమె నీడ తప్పించుకుని నడిచేవాళ్ళు. ఇరవై ఏళ్ళలో ఒక్క చక్రం కూడా ఊడలేదు. అది టెంకాయ మహిమ అనుకున్నారు.

ఒక చలికాలం ఓబులమ్మ చనిపోయింది. రెండు రోజులు ఎవరికీ తెలీదు. కొలిమి పొగ రాకపోతే అప్పుడు వెళ్ళి చూశారు. నలుగురు మోసుకెళ్ళారు. అయిదోవాడు రాలేదు.

ఆ ఏడు బండ్లు కనుమ కిందికి వచ్చాయి. బాట ఖాళీగా ఉంది.

"పీడ పోయింది. ఈ ఏడు శకునం బాగుంది," అన్నాడు ఎవరో.

ఎవరూ ఆగలేదు. ఎవరూ దిగలేదు. రెండో మలుపు దగ్గర ముందు బండి చక్రం ఊడింది. అది ముసలి కంబగిరిది. మనవడు బండితో పాటు లోయలోకి పోయాడు. కంబగిరి బండరాయికి తట్టుకుని మిగిలాడు, ఒక కాలు విరిగి. పక్కనే పొదలో చక్రం ఒరిగి ఉంది. ఇరుసు దూరే దాని నడిమి కుండకు పూసిన పసుపు చెక్కు చెదరలేదు.

అక్కడ పడుకుని కంబగిరి ఆ ఇరవై ఏళ్ళ చప్పుడు ఇప్పుడు విన్నాడు. ఖణ్. ఖణ్. బొద్దు.

ఊరికి మోసుకొచ్చాక, "కొలిమికి తీస్కపోండి నన్ను," అన్నాడు. కొలిమి వెనక ఒక బాన ఉంది. మూత తీశారు. బాన నిండా సీలలు. వంకరవి, అరిగినవి, సగం విరిగినవి. అన్నిటికీ ఎండిన పసుపు. కొన్నిటిని బండ్లవాళ్ళు చూడగానే గుర్తుపట్టారు. అడుగున గుడ్డలో చుట్టిన సీల ఒకటి విడిగా ఉంది. అది వంగలేదు, అరగలేదు. కొత్తదానిలాగే ఉంది.

కంబగిరి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఎదురొచ్చింటే ఆగేవాళ్ళం అని నేనే చెప్పినా," అన్నాడు.

ఆ సీలలన్నీ కాచి ఒక కడ్డీ చేశారు. కనుమ కింద, ఆమె నిలబడిన చోట, ఒక నిలువు రాయి నాటి, దాని పక్కన పాతారు.

బండ్లు పోయి లారీలొచ్చాయి. బాట పోయి తారు రోడ్డు వచ్చింది. సీల పోయి నట్లు వచ్చాయి. ఇప్పటికీ ఆ కనుమ కింద ఎంత తొందరున్న డ్రైవరైనా బండి ఆపుతాడు. దిగి చెంబెడు నీళ్ళు తాగుతాడు. స్పానరు తీసి ప్రతి చక్రం నట్లనూ కొడతాడు, చెవి ఒగ్గి వింటాడు. బొద్దుమన్నదాన్ని బిగిస్తాడు. చక్రం మార్చినవాడైతే క్రోసు పోయాక మళ్ళీ దిగుతాడు. ఇంట్లోవాళ్ళు పయనమయ్యేవాణ్ణి "క్షేమంగా పోయిరా" అనరు. "ఓబులమ్మ ఎదురు రావాల" అంటారు.

ఆ రాయికి కుంకుమ పెడతారు, పూలు పెడతారు. పసుపు మాత్రం పూయరు. పసుపు కింద సీల కనపడదని.

ఇంత జరిగినా, ఆ ఊళ్ళో లారీ కదిలే పొద్దున మిగతా విధవలు ఇప్పటికీ తలుపు వెనకే ఉంటారు.