పొత్తిగుడ్డల ఆదెమ్మ

ఏడు కాలవలు దాటాక ఎనిమిదో కాలవ ఒడ్డున, మా ముత్తవ్వకి ముత్తవ్వ కూడా పుట్టని రోజుల్లో, ఒక ఊరుండేది. ఊరికొక చాకిరేవు ఉండేది. రేవుకొక ఆదెమ్మ ఉండేది. ఊఁ కొట్టండర్రా పిల్లలూ, మీరు ఊఁ కొడితేనే నా నోరు కదులుతుంది. కనకం, బాలింతవి, నువ్వు కొట్టక్కర్లేదు. గోడవైపు తిరిగి పడుకున్నా పర్లేదు, చెవి మాత్రం ఇటు పెట్టు తల్లీ.

ఆదెమ్మ చాకలి మనిషి. ఊరి బట్టలన్నీ ఆమే ఉతికేది. ఎవరింట్లో జ్వరమో, ఎవరింట్లో పోట్లాటో, ఏ కోడలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిందో, మూట విప్పగానే ఆమెకి తెలిసిపోయేది. ఒక్కనాడూ పైకి అనలేదు. చాకిరేవుకి ఊరంతా తెలుసు, చాకిరేవు నోరు విప్పదు.

ఆ ఊళ్లో పెద్ద ఇల్లు వీరాయమ్మది. మంచిదే గానీ నోరు పెద్దది. ఆమె కోడలు వరహాలు తల్లి లేని పిల్ల. పుట్టింట్లో చూసే దిక్కు లేక మొదటి కాన్పు అత్తింట్లోనే అయింది. ఆడపిల్ల పుట్టింది. పురిటి మైల ఇంట్లోవాళ్లు ముట్టుకోరు కదా, అందుకని బాలింత రవికలు, చంటిదాని పొత్తిగుడ్డలు రోజూ ఆదెమ్మే మూటకట్టుకుని రేవుకి పట్టుకెళ్లేది.

అయిదో రోజు మూట విప్పింది. పొత్తిగుడ్డలు పన్నెండూ తడిగా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన లేదు. తిప్పి చూస్తే మరక లేదు. పాలు తాగే పిల్ల గుడ్డ మీద ఆవపిండి రంగు మరక పడుతుంది. చౌడుమట్టి వేసి బానలో ఉడకబెట్టినా అది ఓ పట్టాన వదలదు. తర్వాత వరహాలు రవిక తీసింది. కుడివైపు నెత్తురు చుక్కలు ఎండి అట్టకట్టి ఉన్నాయి.

వాసన లేదు, మరక లేదు, నెత్తురుంది. ఆ గుడ్డలు తడిపింది చంటిది కాదు, తల్లి. చెంబుడు నీళ్లు పోసి తడిపింది. ఎందుకు తడిపిందో ఆదెమ్మకి ఒకరు చెప్పాలా? ముప్ఫయ్యేళ్ల కిందట తనూ అదే పని చేసింది. ఆ సంగతి ఆమె తప్ప ఎవరూ ఎరగరు. ఒక్కతే ఉన్నా సరే, రేవులో నిలబడి సిగ్గుతో తల వంచుకుంది. గుడ్డలు ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఇచ్చేసి వచ్చింది. చాకిరేవుకి ఊరంతా తెలుసు, చాకిరేవు నోరు విప్పదు.

ఆరో రోజు వెళ్లింది. పురిటి గది గుమ్మం దగ్గర మూట అందుకుంటూ మెల్లిగా అడిగింది.

"చిన్నమ్మగారూ, పిల్ల పాలు తాగుతోందా?"

"తాగుతోంది." వరహాలు తలెత్తలేదు.

"మీకేమన్నా నొప్పిగా..."

"కన్నతల్లికి నొప్పేంటి?"

అది వరహాలు మాట కాదు. ఆ పొద్దున్నే వాకిట్లో వీరాయమ్మ పక్కింటావిడతో అన్న మాట. "కన్నతల్లికి పాలివ్వడం నొప్పేంటమ్మా, చోద్యం కాకపోతే" అని ఆమె నవ్వింది. గదిలో ఉన్న కోడలు వింటుందని తోచలేదు.

ఆదెమ్మ ఇంకో మాట అడగలేకపోయింది. అడిగితే నీకెలా తెలుసంటారు. ఎలా తెలుసో చెప్తే తన గుట్టు బయటపడుతుంది. ఆ రోజు ఆమెకి పిల్ల ప్రాణం కన్నా తన పరువే ఎక్కువైంది. నేను కప్పిపుచ్చి చెప్పను, జరిగింది జరిగినట్టే చెప్తాను. మూట నెత్తిన పెట్టుకుని రేవుకి పోయింది. చాకిరేవుకి ఊరంతా తెలుసు, చాకిరేవు నోరు విప్పదు.

ఏడో రోజు వెళ్లింది. లోపల్నుంచి ఏడుపు వినపడలేదు. ఏడ్చే పిల్లతో భయం లేదర్రా, ఏడుపు మానేసిన పిల్లతోనే భయం. వీరాయమ్మ గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని దిష్టి తీయడానికి గుమ్మంలో నిలబడి ఉంది. "ఏ పాపిష్టి కళ్లు పడ్డాయో" అని ముక్కు చీదుతోంది. పక్కనే ముసలి మంత్రసాని, ఆ వారంలో ఇంటికొచ్చిన ఆడవాళ్ల పేర్లు వేళ్ల మీద ఒక్కొక్కటే లెక్కపెడుతోంది.

ఆ వేళ్లని చూడగానే ఆదెమ్మ మూట కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. అరుగు మీద కూలబడింది.

"అమ్మగారూ, దిష్టి కాదు. ఎవరి పేరూ చెప్పకండి."

"నీకేం తెలుసే?" అంది వీరాయమ్మ.

"నా మొదటి పిల్లాడు పుట్టినప్పుడు నాకు చనుమొనలు పగిలాయి. వాడు నోరు పెడితే ప్రాణం పోయేది. చెప్పుకోడానికి సిగ్గు. లోకంలో అందరూ ఇస్తున్నారు, నాకే ఏం రోగమో అనుకున్నాను. రెండు గుక్కలు తాగగానే లాగేసేదాన్ని. కడుపునిండా తాగాడని చెప్పేదాన్ని. మా అత్తకి అనుమానం రాకుండా పొత్తిగుడ్డలు నీళ్లలో ముంచి దండెం మీద వేసేదాన్ని. పదో రోజు వాడు పోయాడు."

ఆదెమ్మ నేల చూస్తూనే చెప్పింది.

"మా అత్త పోలమ్మ చూపు తగిలిందన్నారు. ఇలాగే వేళ్ల మీద లెక్కపెట్టి ఆమె దగ్గర ఆగారు. నేను విన్నాను, కాదనలేదు. ఆ తర్వాత పన్నెండేళ్లు బతికింది మా అత్త. దారిలో చంటిపిల్ల ఎదురైతే కొంగుతో కళ్లు కప్పుకునేది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, నా కళ్లే పాపిష్టివే ఆదీ, అంది. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు."

గమనించారా, వరహాలు పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. తన సంగతి తను చెప్పుకుంది, అంతే. గది లోపల్నుంచి సన్నగా గొంతు వచ్చింది.

"అత్తయ్యా, నేనూ నీళ్లే పోశాను."

వీరాయమ్మ గుప్పిట్లో ఉప్పు గుప్పిట్లోనే ఉండిపోయింది. మంత్రసాని చేతులు ఒళ్లో పెట్టేసుకుంది. వీరాయమ్మే అడిగింది, "ఇప్పుడేం చెయ్యాలే ఆదెమ్మా?"

తన మొదటి పిల్లాడు పోయాక ఆదెమ్మ ఇంకా ఇద్దర్ని కని పెంచింది. పడుతూ లేస్తూ నేర్చుకుంది. వేణ్ణీళ్లలో గుడ్డ ముంచి, పిండి, గట్టిపడిన రొమ్ము మీద కాపడం పెట్టింది. కొంచెం పాలు పిండించి మెత్తబడనిచ్చింది. నొప్పి తక్కువున్న వైపు ముందు పట్టించింది. పిల్ల నోరు బాగా తెరిచేదాకా ఆగి, మొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లభాగం కూడా నోట్లోకి వెళ్లేలా పెట్టించింది. వరహాలు ఆదెమ్మ భుజం గట్టిగా పట్టుకుంది. పిల్ల మొదట చప్పరించింది, తర్వాత మింగింది. మింగిన చప్పుడు చుట్టూ ఉన్న ముగ్గురూ విన్నారు. నొప్పి ఆ రోజే పోయిందని చెప్తే అబద్ధం. ఇంకో వారం పట్టింది. కాకపోతే ఇప్పుడు వరహాలు పైకే అమ్మా అనేది, వీరాయమ్మ పక్కన కూర్చుని వీపు రాసేది.

ఆదెమ్మ మాత్రం ఇంటికెళ్లి తలుపేసుకుంది. ఊరు ఊరుకుంటుందా? కన్నబిడ్డని చంపుకుని అత్త మీద తోసిన మనిషి అన్నారు. ఆ మాట నిజమేనని ఆమె కూడా అనుకుంది. మూడు రోజులు రేవులో ఉతుకుబండ ఎండిపోయి ఉంది.

నాలుగో రోజు తలుపు చప్పుడైంది. తీస్తే వీరాయమ్మ. నెత్తిన మైలగుడ్డల మూట. పెద్దింటావిడ అలా మూట మోసుకుంటూ ఊరి మధ్య నుంచి నడిచొచ్చింది, చూసినవాళ్లు చూశారు. మూట దింపి, ఒక పొత్తిగుడ్డ తీసి ఆదెమ్మ చేతిలో పెట్టింది.

"వాసన చూడవే."

ఆదెమ్మ చూసింది. కంపు కొడుతోంది. విప్పి చూస్తే ఇంత మేర పసుపు మరక. ఆ గుడ్డని మొహానికి అదుముకుని ఆదెమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. "మా అత్త చూడాల్సింది అమ్మగారూ, ఈ మరక మా అత్త చూడాల్సింది" అంది.

వీరాయమ్మ ఆమె పక్కనే చతికిలబడింది. "నాకూ పగిలాయే. మా అత్తతో చెప్పలేదు. నా కోడలు నాతో చెప్పలేదు. పాతికేళ్ల కిందటి నా సంగతి దానికి చెప్పి ఉంటే, ఈ పిల్ల నీళ్ల చెంబు ముట్టుకునేది కాదు" అంది.

మర్నాటి నుంచి ఆదెమ్మ రేవుకి వచ్చింది. ఏ ఇంట్లో పురుడొచ్చినా వెళ్లి బాలింత పక్కన కూర్చుని ముందు తన సంగతి చెప్పేది. చెప్పిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోయేది, అయినా చెప్పేది. తిట్టినవాళ్లు కూడా కూతుళ్ల కాన్పుకి ఆమెకే కబురు పెట్టారు. పోయేముందు అందరూ చుట్టూ చేరి, నిన్ను ఎప్పుడూ తలుచుకుంటామే అన్నారు. "నన్నెందుకు, మా అత్తని తలుచుకోండి. ఆమె చూపు చల్లన" అని కన్నుమూసింది.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్లలో బాలింతని చూడ్డానికి వెళ్లిన ఆడది, పాలు పడ్డాయా అని అడగదు. ముందు తనకేమైందో చెప్తుంది. పిల్లలు లేనామె తన తల్లికేమైందో చెప్తుంది. ఆ తర్వాతే నీకెలా ఉందమ్మా అంటుంది. వెళ్లేముందు చంటిదాన్ని ఆ ఇంట్లో అందరికన్నా ముసలామె ఒళ్లో పెట్టి, పోలమ్మ చూపు చల్లన, అంటారు. పొత్తిగుడ్డ మీద మొదటి పసుపు మరక పడితే, ఆదెమ్మ నవ్విందంటారు.

సరే, కథ అయింది. పిల్లలూ, లేవండి, వాకిట్లోకి పోయి ఆడుకోండి. తలుపు దగ్గరగా వేసి పొండి.

కనకం, నేను పొద్దున రాగానే చెప్పాల్సింది. ఇంత ముసలిదాన్నయినా నాకూ సిగ్గే, అందుకే ఇంతసేపూ ఆదెమ్మ చాటున నిలబడి మాట్లాడాను. మీ నాన్న పుట్టినప్పుడు నాకు ఎడమ రొమ్ము గడ్డకట్టింది. ఆరు రోజులు ఎవరికీ చెప్పలేదు. వాడు ఆకలికి కదిలితే నాకు గుండె దడ. కన్నకొడుకుని చూసి భయపడ్డానే తల్లీ. ఈ మాట మీ తాతకి కూడా తెలీదు.

ఇదీ నా సంగతి. ఇటు తిరుగు. ఇప్పుడు నీది చెప్పు.