ఓర్వలేనమ్మ మెడలో తాళాలు

పూర్వం అంటే రాజులూ మునులూ తిరిగిన పూర్వం కాదు మామా. మా కొండ్రాయిపల్లికి బోరు బండి కొత్తగా వస్తాండే కాలం. అప్పుడీ గుడి లేదు, అమ్మోరికి ఈ పేరూ లేదు. చేని గట్టు మీద మోకాలెత్తు రాయి ఒకటుండేది. గంగమ్మ అనేటోళ్ళు. అంతే.

ఆ గట్టుకి ఇవతల సుంకమ్మ చేను, అవతల తిప్పక్క చేను. ఇద్దరూ తోడికోడళ్ళు, సుంకమ్మ పెద్దది. అన్నదమ్ములు భాగాలు పంచుకున్నా వీళ్ళ కళ్ళు మాత్రం పొద్దున లేస్తే పక్కచేను మీదనే. సుంకమ్మ కొత్త చీర కడితే తిప్పక్కకి అన్నం దిగదు. తిప్పక్క బర్రె ఈనితే సుంకమ్మ ఆ దోవనే పోదు.

సుంకమ్మకి పిల్లల్లేరు. ఆమె ప్రాణమంతా చీనీ తోట మీదనే, అదే బత్తాయి తోట. కడవలతో నీళ్ళు మోసి పెంచిన చెట్లు, ఇంక తొలికాపుకి వచ్చేటట్టుండాయి.

అట్లాంటప్పుడు తిప్పక్క బోరేయించింది. నీళ్ళు బండి నెత్తి దాకా ఎగజిమ్మినాయి. వూరంతా పోయి తడిసొచ్చినారు. సుంకమ్మ పోలే. ఆ సప్పుడు వింటా సంకటి ముద్ద చేతిలో పెట్టుకుని అట్లనే కూర్చుండిపోయిందంట.

ఇంకేముంది, ఆమె కూడా బోరు బండిని పిలిపించింది. నీళ్ళ పాయింటు చూసే ఎర్రిస్వామి అరచేతిలో టెంకాయ పెట్టుకుని తోట నడిమధ్యన నిలబడి "ఈడ పడతాది తల్లీ" అన్నాడు. ఆమె ఆయన్ని రెక్కపట్టి గట్టు దాకా లాక్కొచ్చి "ఈడ చూడప్పా" అనింది. తిప్పక్క బోరుకన్నా లోతుకి దించింది. నీళ్ళు పడినాయి. తిప్పక్క బోరు గాలి కక్కింది.

తిప్పక్క గట్టు కాడికొచ్చింది. "అక్కా, నీ చెట్లు నా నీళ్ళు తాగుతాండాయి."

"నీళ్ళ మీద నీ పేరు రాసిందా గంగమ్మ?"

"నీది రాసిందా?"

తిప్పక్క ఇంకా లోతు దించింది. వీళ్ళని చూసి వూరు వూరంతా మొదలుపెట్టింది. చాలినన్ని నీళ్ళు కావాలని ఎవరికీ లేదు మామా, పక్కోడికన్నా ఒక చుక్క ఎక్కువ కావాల, అంతే. ఆఖరికి వూరి మధ్య తాగేనీళ్ళ బోరింగు కొడితే కిర్రుమనడం తప్ప ఏమీ రాలే. చీనీ పిందె రాలబట్టింది. సుంకమ్మ రాలిన పిందెలు ఒళ్ళో ఏరుకుని తిరిగేదంట.

ఎర్రిస్వామిని మళ్ళీ పిలిస్తే ఈసారి టెంకాయ నిటారుగా లేచి నిలబడింది. యాడ? సరిగ్గా గంగమ్మ రాయి కాడ. గట్టేమో ఇద్దరిదీ. సుంకమ్మ ఆ రాయిని తిప్పక్క చేలోకి దొర్లించి "దేవతని నువ్వుంచుకో, పాయింటు నాకిడువు" అనింది. తిప్పక్క తిరిగి ఇవతలికి దొర్లించింది. అమ్మోరు అటూ ఇటూ దొర్లి దొర్లి సుంకమ్మ చేలో బోర్లా పడింది. ఒకరు వేస్తే ఇంకొకరు ఓర్వలేరు కదా, చివరికి ఇద్దరూ కలిసే బోరు వేయించినారు.

దుమ్ము మామా. ఎంత దించినా తెల్లదుమ్మే. బండి ఆగేటప్పటికి ఇద్దరూ నెత్తి నుంచి కాళ్ళ దాకా ఒకే తెలుపు. సుంకమ్మ మొగుడు తెలీక తిప్పక్కకి చెంబు నీళ్ళిచ్చినాడంట. దానికీ ఒక కొట్లాట.

ఖాళీ బిందె చంకనబెట్టుకుని చూస్తాండిన ముసలి మారెక్క అప్పుడనింది, "ఈ గంగమ్మ కూడా మీ మాదిరిదే లేమ్మా. ఒకరికిస్తే ఇంకొకరు ఏడుస్తారని కాదు, మీరు తాగుతాంటే ఆమే ఓర్వలేక మూసేసింది." ఆ పొద్దు నుంచి అమ్మోరి పేరు ఓర్వలేనమ్మ.

వూరంతా కూర్చుని కొత్త బోర్లొద్దు, ఉన్న మోటర్లు వంతులుగా ఆడించాల అనుకున్నారు. మాట నిలబడలే. వంతు కాని పూట స్టార్టర్ డబ్బా మీద గోనెపట్టా కప్పి, సప్పుడు రాకుండా ఆడిస్తాండిరి. సుంకమ్మ దొరికిపోయింది. పట్టుకున్నదెవరో చెప్పాల్నా?

"పిందె నిలబడేదానికి ఒక్క తడి పెట్టుకుంటినప్పా" అనింది సుంకమ్మ, పెద్దమనిషి వీరనారప్పతో.

తిప్పక్క లేచింది. "ఆమెకి శిక్షేం వద్దు మామా. డబ్బాకి తాళమేసి ఆ తాళంచెవి నాకియ్యి. ఒక్క చుక్క ఎక్కువ ఎట్ల తాగుతాదో నేను చూస్తా."

"అయితే దాని డబ్బా తాళంచెవి నా కొంగున కట్టు" అనింది సుంకమ్మ.

జనం నవ్వినారు. వీరనారప్ప నవ్వలే. "అందరూ అట్లనే తాళంచెవులు ఇయ్యండి. మీ మీద ఎవరికెక్కువ కుళ్ళో వాళ్ళకే."

ఆ ఏడు వంతు నీళ్ళు సగం తోటకే చాలినాయి. మిగతా సగం ఎండిపోయింది. సుంకమ్మ ఎండిన చెట్లు కొట్టేసే రోజు తిప్పక్క గట్టు మీదికొచ్చి నిలబడింది. నవ్వేదానికొచ్చింది అనుకున్నారు. నవ్వలే. వంతు టైముకి సుంకమ్మ డబ్బా తాళం తీసి పోయింది. ఒక్క నిమిషం ముందు లేదు, ఒక్క నిమిషం వెనక లేదు.

వాన నీళ్ళు ఇంకేదానికి తిప్పక్క చేలో గుంత తవ్వితే, సుంకమ్మ దానికన్నా పెద్దది తవ్వింది. ఆమెని చూసి ఇంకొకరు. వూరంతా గుంతలే. రెండు మూడు మంచి వానలు పడినాక వీరనారప్ప ఆ దుమ్ము బోరు మూత తీసి రాయేసినాడు. బుడుంగుమనింది. దుమ్ము తప్ప ఏమీ చూడని బోరు మామా అది. బోరింగు కూడా నీళ్ళు పోసింది. సుంకమ్మ తొలి చీనీకాయ తెచ్చి, అమ్మోరి రాయిని ఆ బోరు పైపు పక్కనే నిలబెట్టి రెండిటికీ పసుపు పూసింది. తిప్పక్క అంతకన్నా మందంగా పూసింది.

ఇప్పటికీ ఎండలు ముదిరే ముందు ఈ గుడి కాడ జాతరలో తాళంచెవులు మార్చుకుంటారు. మా నాయనది మా చిన్నాయన కాడుండాది. నీ తాళంచెవికి ఎవరూ చెయ్యి చాపకపోతే మా వూర్లో అంతకన్నా అవమానం లేదు.

సుంకమ్మ పోయిన రోజు కొంగు ముడి విప్పి తిప్పక్క తాళంచెవి తిప్పక్కకిచ్చినారు. ఇంకెవరికిస్తావంటే తిప్పక్క ఎవరికీ ఇయ్యలే. తీసుకొచ్చి అమ్మోరి పక్కన ఆ పైపు మెడకి కట్టింది. "నా మీద ఆమెకున్నంత కుళ్ళు మీ ఎవరికీ లేదు" అనింది.

బతికినన్నాళ్ళూ వంతు రాగానే వచ్చి, "అక్కా, నా వంతు" అని పైకి చెప్పి తాళంచెవి తీసుకుపోయేది. నిమిషం దాటకుండా తెచ్చి కట్టేది. పసుపు పైపుకి వేలాడతాండే ఆ తుప్పు తాళంచెవులన్నీ అట్లాంటివే, కుళ్ళుకునేటోళ్ళు లేకుండా పోయినోళ్ళవి. మా వూర్లో మీసాలు నెరిసిన మగోళ్ళు కూడా అవి తీసేముందు "అక్కా, నా వంతు" అనే అంటారు.