పైడయ్య పిక్కలో సున్నం

తంగుడుమెట్టలో సున్నపుబట్టీ అన్నదమ్ములు ముగ్గురు. పైడయ్య, అప్పన్న, సూరయ్య. దేవుడు తెలివి పంచిపెట్టేటప్పుడు ముందు వరసలో నిలబడింది తామేనని వాళ్ళు ఊరంతా చెప్పుకునేవాళ్ళు. నిలబడ్డమాట నిజమే. గిన్నె పట్టుకెళ్ళడం మర్చిపోయారు, అంతే.

పైడయ్యకి గవరయ్య కూతురు నూకాలంటే ప్రాణం. నూకాలుకీ ఇష్టమే. గవరయ్య మాత్రం అమ్మవారి పండగనాడు కుర్రాళ్ళు బలానికి పోటీపడి ఎత్తే సంగిడి రాయి భుజానికెత్తి నిలబడ్డవాడికే పిల్లనిస్తానని తేల్చేశాడు. పైడయ్య రోజూ రాళ్ళెత్తడం మొదలెట్టాడు. తెల్లారితే పండగనగా పిక్క పట్టేసింది. కాలు కర్రలా బిగిసిపోయి మనిషి లబోదిబోమన్నాడు.

తమ్ముళ్ళు కాంపౌండరుని పిలుచుకొచ్చారు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. కండలో కంటికి కనపడనంత చిన్న సంచులుంటాయట. వాటిలోంచి కాల్షియం, అంటే మీ సున్నంలో ఉండే సరుకే, బయటికొస్తే కండ బిగుస్తుందట. తిరిగి సంచిలోకి పోతే వదులవుతుందట. పరుగెత్తే కండ దాన్ని గబగబా వదిలి గబగబా లాక్కుంటుంది, బరువు మోసే కండకి అంతా నిదానమే అన్నాడు. "నీ పిక్కలో బయటికొచ్చింది ఇంకా సంచిలోకి పోలేదు. కాస్త రుద్దండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

సున్నం సంగతి మాకా చెప్పేది అనుకున్నారు తమ్ముళ్ళు. ఇంకేముంది, బట్టీ దగ్గర్నుంచి గోనెసంచి తెచ్చి, అన్న కాలు అందులో దూర్చి మూతి కట్టేశారు. ఎంతసేపు చూసినా సున్నం సంచిలోకి దిగలేదు. ఇది నిదానం కండ, పరుగు నేర్పితేగానీ లాక్కోదని సూరయ్య కుక్కని ఉసికొల్పాడు. పైడయ్య సంచితోనే ఊరంతా గెంతాడు. గెంతి గెంతి పిక్క సాగింది, నొప్పి వదిలింది. సంచి విప్పి చూస్తే అడుగున చిటికెడు పాత సున్నప్పొడి ఉంది. అన్న ఒంట్లోంచి వచ్చింది పారేస్తే పాపమని అప్పన్న దాన్ని తమలపాకులో పెట్టుకుని నమిలి, నోరంతా పొక్కించుకున్నాడు.

పండగనాడు పైడయ్య సంగిడి రాయి భుజానికెత్తాడు. జనం ఈలలేశారు. నూకాలు మొహం వెలిగిపోయింది. కానీ అన్న ఒళ్ళంతా బిగుసుకోవడం చూసి తమ్ముళ్ళు ముందుకి ఉరికారు. సున్నమంతా బయటికొచ్చేసిందని, లోపలికి లాక్కోమని గోల పెట్టారు. పైడయ్య సరేనని ఒళ్ళంతా వదిలేశాడు. రాయి దొర్లిపోయి గవరయ్య బొటనవేలి మీద పడింది. ఇంక చచ్చినా పిల్లనివ్వనని గవరయ్య ఒంటికాలి మీద లేచాడు. రెండో కాలు నేలకి ఆనితేగా పాపం.

నూకాలుకి ఏడుపొచ్చేసింది. గబగబా వచ్చి పైడయ్య చేతిలో చెయ్యి పెట్టింది.

"రాయి వదిలేస్తే వదిలేశావు మావా, నా చెయ్యి మాత్రం వదలకు" అంది.

అంతే, పైడయ్య వదల్లేదు. గవరయ్య లాగాడు, ఊరంతా లాగింది, ఊహూ. అన్న చేతిలో ఉన్నదీ నిదానం కండే, ఇప్పట్లో వదలదని తమ్ముళ్ళు తేల్చి చెప్పారు. కూతురి చెయ్యి ఎటూ తిరిగి రాదని తెలిశాక గవరయ్య పెళ్ళికి ఒప్పుకున్నాడు.

పీటల మీద కూడా పైడయ్య ఆ చెయ్యి వదల్లేదు. మూడు ముళ్ళు పడ్డాక ఎవరూ విడదీయకూడదు నాయనా అని పంతులుగారు ముందే చెప్పారు. ఉన్న ఒంటిచేత్తో, పళ్ళతో పైడయ్య తాళి కట్టలేక అవస్థ పడుతుంటే, సాయం చేద్దామని ఆయన పాపం ముందుకి వంగారు. ఇంకేముంది, ఆయన పిలక కూడా ముళ్ళలో పడిపోయింది. విప్పండర్రా అని పంతులుగారు మొత్తుకున్నారు. మీ మాట మీరే తప్పుతారా అని అన్నదమ్ములు చెంపలేసుకున్నారు. పెళ్ళికూతురితో పాటు పంతులుగారిని కూడా బండెక్కించి, కాపురానికి తీసుకుపోయారు.